పెత్తనం గోడ మీది స్విచ్చుదే

అమ్మ తెనాలి నుంచి వచ్చిన మొదటి రాత్రి బాత్రూమ్ లైటు వెలగలేదు. స్విచ్చు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. ఉలుకూ పలుకూ లేదు. నన్ను లేపడం ఎందుకులే అనుకుని ఫోన్ టార్చి పట్టుకుని వెళ్లొచ్చింది. పొద్దున కాఫీ దగ్గర, "ఆ బల్బు పోయిందిరా, కొత్తది వేయించు" అంది.

బల్బు నిక్షేపంలా ఉంది. 1,400 రూపాయలు పోసి కొన్న స్మార్ట్ బల్బు. బాత్రూమ్‌లో ఉన్న మోషన్ సెన్సర్ ఐదు నిమిషాలుగా ఎవరూ కదలడం లేదని చూసి దాన్ని ఆపేసింది. కరెంటు పోయి వస్తే అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉండమని బల్బుకి నేనే సెట్టింగ్ పెట్టాను. గోడ మీది స్విచ్చు తీసి వేస్తే బల్బు లెక్కలో అది కరెంటు పోయి రావడమే. అందుకని బుద్ధిగా ఆరిపోయే ఉంది. అమ్మ విసిగిపోయి స్విచ్చు ఆపేసి లోపలికి వెళ్లింది. సెన్సర్ అమ్మని చూసి బల్బుని వెలగమంది, కానీ వినడానికి ఈసారి దానికి కరెంటే లేదు. రెండు తెలివైన వస్తువులూ, వాటిని బిగించిన ఒక తెలివైన కొడుకూ కలిసి డెబ్బై ఏళ్ల మనిషిని చీకట్లో నడిపించాం.

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో ఉన్న మూడు రకాల లైటింగ్ సిస్టమ్‌లను ఒక దారికి తేవడానికి నేను చేయని ప్రయోగం లేదు. ఆఫీసులో ఎవరు కొత్త ఫ్లాట్ కొన్నా "ఏ సిస్టమ్ తీసుకోమంటావు?" అని నన్నే అడుగుతారు. ఆ ప్రశ్నే తప్పంటాను నేను. ఏ కంపెనీతో మొదలుపెట్టినా ఐదేళ్లు తిరిగేసరికి ఇంట్లో మూడు కంపెనీలు చేరతాయి, కలపక తప్పదు. ఎక్కడ కలపాలన్నదే అడగాలి. అందరూ ఫోన్‌లో కలుపుతారు. నేనూ అదే చేశాను. కలపాల్సింది గోడలో.

మూడు చేరతాయని ఊరికే అనలేదు. ఫ్లాట్‌లో దిగిన ఏడాది దసరా సేల్‌లో చవగ్గా వచ్చాయని నాలుగు వైఫై బల్బులు కొన్నాను. వాటికో యాప్. ఇంటీరియర్ చేసినతను హాల్లో టచ్ స్విచ్చుల బోర్డు పెట్టాడు. నల్లగా అద్దంలా ఉంటుంది, వేలిముద్రలన్నీ దాని మీదే. దానికో యాప్. ఆ తర్వాత మా బావమరిది డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో ఒక మూలంతా ఇవే సర్దుకొచ్చాడు: జిగ్‌బీ హబ్, నాలుగు రంగుల బల్బులు, ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్, గోడకి అంటించుకునే రిమోట్లు రెండు, ఒక జడ్-వేవ్ స్విచ్చు. జిగ్‌బీ, జడ్-వేవ్ అంటే వైఫై లాగే ఇలాంటి వస్తువులు తీగ లేకుండా మాట్లాడుకునే పద్ధతులు, హబ్ అంటే వాటిని కలిపే పెట్టె. మూడో యాప్.

ఆ సూట్‌కేసు గురించి కాస్త చెప్పాలి. అమెరికా నుంచి ఇలాంటివి మోసుకొచ్చే బావమరుదులు మనవాళ్లలో తక్కువేం లేరు. ఆ బల్బులకి మరలు ఉంటాయి, మా ఇంట్లో హోల్డర్లన్నీ పిన్నువి. కన్వర్టర్ తెప్పించి పెట్టబోతుంటే మా ఎలక్ట్రీషియన్ బల్బు మెడ మీది చీమ తలకాయంత అక్షరాలు చదివి, "సార్, 120 వోల్టులని ఉంది. మనది 230. పెట్టమంటే పెడతా, తాటాకు టపాకాయలా పేలుద్ది" అన్నాడు. స్ట్రిప్ బతికిపోయింది, దాని అడాప్టర్ 100 నుంచి 240 దాకా తట్టుకుంటుంది. జడ్-వేవ్ స్విచ్చుని అటక మీద పడేశాం. అమెరికాలో అది 908.42 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది, మన దేశంలో జడ్-వేవ్‌ది 865.2. పైగా ఆ 908 ఇక్కడ మొబైల్ కంపెనీల సొత్తు. జిగ్‌బీకి ఈ బాధ లేదు, ప్రపంచమంతా 2.4 గిగాహెర్ట్జే, అందుకే రిమోట్లు ఇంట్లోకి వచ్చిన రోజే పనిచేశాయి. మీ బావమరిదికి చెప్పండి, బ్యాటరీతో నడిచే జిగ్‌బీ సరుకైతే తెమ్మనండి. గోడలోకి దూరేవీ, హోల్డర్‌కి ఎక్కేవీ ఇక్కడే కొనుక్కోండి.

మొదట మూడు యాప్‌లనూ తీసుకెళ్లి ఒక స్మార్ట్ స్పీకర్‌కి కలిపాను. అరగంట పని. లాగిన్ అయ్యి, అనుమతిచ్చి, లైట్లకి పేర్లు పెడితే సరి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ వారం రోజులు డెమోలిచ్చాను. హాల్లో లైటు వేయమని నేనంటే ఆ మాట స్పీకర్ కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, అక్కణ్ణుంచి స్విచ్చు కంపెనీ సర్వర్‌కి, అక్కణ్ణుంచి మా రౌటర్‌కి, అప్పుడు నాకు ఆరడుగుల దూరంలో ఉన్న స్విచ్చుకి. పక్కింటావిడని గుప్పెడు పంచదార అడగడానికి దుబాయ్‌లో ఉన్న వాళ్లాయనకి ఫోన్ చేసినట్టు. మా స్పీకర్‌కి ఇంగ్లీషు, హిందీ తప్ప రావు. అమ్మ దాన్ని పలకరించిన ఒకే ఒక్కసారి "లైటెయ్యవే తల్లీ" అంది. అది ఏదో హిందీ పాట ఎత్తుకుంది.

నెట్ పోయిన రోజున ఈ ఏర్పాటు గతి ఏమిటో మీరే ఊహించుకోండి. నెట్ ఉన్నా గ్యారంటీ లేదు. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్‌లో, అమెరికాలోని వర్జీనియా కేంద్రంలో డీఎన్‌ఎస్‌లో, అంటే సర్వర్ల చిరునామాలు చెప్పే వ్యవస్థలో, తప్పు ఒకటి దొర్లితే ఎన్నో ఇళ్లలో అలెక్సా లైట్ల మాట వినడం మానేసింది. అది ఒక్కరోజు ముచ్చట. రివాల్వ్ అని 300 డాలర్ల హబ్ ఒకటి ఉండేది. 2014లో గూగుల్ వాళ్ల నెస్ట్ ఆ కంపెనీని కొన్నది, 2016 మేలో సర్వర్ ఆపేసింది, కొన్నవాళ్ల చేతిలో ఇటుకరాయి మిగిలింది. ఇన్‌స్టియాన్ అనే ఇంకో కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. చివరికి వాడుకునే వాళ్లలోనే కొందరు కలిసి ఆ కంపెనీని కొనుక్కుని మళ్లీ లేపారు. అక్కడ ఒక్క విషయం చూడండి. యాప్ చచ్చిపోయిన ఆ రోజుల్లో కూడా ఇన్‌స్టియాన్ గోడ స్విచ్చులు నొక్కితే లైట్లు వెలిగాయి. ఇది చదివాక కూడా నాకు వెంటనే బుర్రకెక్కలేదనుకోండి.

రెండో ప్రయత్నం ఇంట్లోపలే. హోమ్ అసిస్టెంట్ అని, పౌలస్ స్కౌట్సన్ అనే ప్రోగ్రామర్ 2013లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. దానికి జిగ్‌బీ కోసం యూఎస్‌బీ స్టిక్ ఒకటి గుచ్చి, వస్తువుల మధ్య కబుర్లు మోయడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి పెట్టాను. ఈ ఎంక్యూటీటీ పుట్టింది 1999లో, చమురు పైపులైన్ల మీద శాటిలైట్ ద్వారా ఓ కన్నేసి ఉంచడానికి. లింకు ఖరీదు ఎక్కువ, ఎప్పుడు తెగుతుందో తెలీదు, అందుకని నాలుగు ముక్కల్లో విషయం చెప్పడం దానికి అలవాటు. ఇప్పుడు మా బాత్రూమ్ లైటు సమాచారం మోస్తోంది.

పెట్టిన రెండు వారాలూ నరకం. రిమోట్ నొక్కితే ఒకసారి వెలుగుతుంది, రెండుసార్లు వెలగదు. ఇక్కడ కొన్న జిగ్‌బీ బల్బుల తప్పనుకుని ఒకటి మార్చాను కూడా. చూస్తే, స్టిక్‌ని యూఎస్‌బీ 3 పోర్టుకి నేరుగా గుచ్చడమే నేను చేసిన పాపం. ఆ పోర్టు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా రొద చేస్తుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం రాసి పెట్టింది, చదివే నాథుడేడీ? మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని స్టిక్‌ని దూరంగా వేలాడదీస్తే సగం జబ్బు తగ్గింది. మిగతా సగం అపార్ట్‌మెంట్ పుణ్యం. మా హాల్లో నిలబడి ఫోన్ తీస్తే 19 వైఫై పేర్లు కనిపిస్తాయి, దాదాపు అన్నీ 1, 6, 11 ఛానళ్ల మీదే. జిగ్‌బీని 25వ ఛానల్‌కి మార్చాను. 11వ వైఫై ఛానల్ దాటాక మిగిలే సందు అది. మార్చినందుకు బల్బుల్ని మళ్లీ ఒక్కొక్కటే జత చేయాల్సి వచ్చింది, స్టూలెక్కుతూ దిగుతూ. మా ఆవిడ కింద స్టూలు పట్టుకుని నిలబడి, "ఏవండీ, మామూలు లైటుకి ఇన్నిసార్లు స్టూలెక్కామా ఎప్పుడైనా?" అంది.

మొత్తానికి యాప్ ఒక్కటైంది. ఫోన్‌లో ఇల్లంతా కనిపిస్తోంది. మనుషులు మాత్రం స్విచ్చులే నొక్కుతున్నారు. జిగ్‌బీ బల్బులు కరెంటు ఉన్నంతసేపూ ఒకదాని మాట ఇంకొకదానికి అందిస్తుంటాయి. నడవాలో బల్బుని స్విచ్చు దగ్గర ఆపేస్తే దాని మీదుగా మాట్లాడే పడగ్గది రిమోట్ కూడా మూగబోతుంది. ఇల్లు తుడిచే ఆవిడ రోజూ అదే చేసేది. ఆవిడ తప్పేముంది? అక్కర్లేని లైటు ఆపింది. చిన్నప్పుడు మనందరికీ వీపు మీద ఒకటేసి మరీ నేర్పిన సంగతే అది. నేను స్విచ్చుల మీద టేపు అంటించి "ఆపవద్దు" అని రాసి పెట్టాను. మా ఆవిడ చూసి, "ఇది ఇల్లా, కరెంటాఫీసా?" అంది. టేపు పీకేశాను.

వైఫై బల్బుల కథ వేరు. మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే జనరేటర్ అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. లైన్ వచ్చాక దాని మీదికి మారేటప్పుడు ఇంకో కుదుపు. గాలివాన పట్టిందంటే నిమిషంలో మూడుసార్లు పోయి వస్తుంది. ఆ బల్బుల్ని కొత్త వైఫైకి జత చేయాలంటే ఏం చేయాలో పెట్టె మీదే అచ్చేశారు: స్విచ్చుని వరసగా మూడుసార్లు ఆపి వేయండి. ఒక మే నెల రాత్రి రెండున్నరకి గాలివాన మా తరఫున ఆ పని చేసిపెట్టింది. నాలుగు బల్బులూ మా వైఫైని మరిచిపోయి, కొత్త యజమాని కోసం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మా అమ్మాయి దుప్పటి కప్పుకునే మా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఆ నెలలోనే నాలుగిటినీ పీకి అటక మీది జడ్-వేవ్ స్విచ్చుకి తోడు పంపాను.

అప్పటికి గానీ తెలివిని బల్బులోంచి గోడలోకి మార్చాలన్న బుద్ధి పుట్టలేదు. స్విచ్చు వెనక, బోర్డు లోపల పట్టే అగ్గిపెట్టెంత రిలేలు, అంటే కబురు అందితే కరెంటుని కలిపి తెంచేవి, దొరుకుతాయి. అమెరికాలో చాలా పాత ఇళ్లలో స్విచ్చు పెట్టెలోకి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, దిగదు, రిలేకి ప్రాణం పోయడానికి వాళ్లు నానా తిప్పలూ పడతారు. మన ఇళ్లలో దాదాపు ప్రతి బోర్డు మీదా ఒక ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గు ఉందంటే న్యూట్రల్ ఉన్నట్టే. మా ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, హాలు బోర్డు విప్పి, టెస్టర్‌తో ఓసారి చూసుకుని, నల్ల తీగల గుత్తిని చిటికెన వేలితో పక్కకి లాగి చూపించాడు. "న్యూట్రల్‌కి కొదవలేదు సార్, చోటుకే కొదవ." ఎనిమిది మాడ్యూళ్ల పెట్టెలో మూడు రిలేలు పట్టించడానికి పాత తీగల్ని కత్తిరించి, మళ్లీ మడిచి, చివరికి బొటనవేలితో అదిమి మూత బిగించాడు. ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసుకునే టూవే బోర్డు మంచం పక్కన ఉంది, దానిలో మాత్రం న్యూట్రల్ లేదు. దాన్ని వదిలేశాం, గుమ్మం దగ్గరి జంట బోర్డులో రిలే పెడితే సరిపోయింది.

ఇప్పుడు స్విచ్చు నొక్కితే లైటు రిలే దగ్గరే వెలుగుతుంది. కంప్యూటర్‌కి ఆ కబురు తర్వాత తీరిగ్గా అందుతుంది. నెట్ ఉన్నా లేకపోయినా, రౌటర్ ఉన్నా లేకపోయినా తేడా లేదు. బల్బు మామూలు 9 వాట్లది. పోతే కిరాణా కొట్లో తెచ్చుకోవచ్చు. ఒక్కటే మార్పు, స్విచ్చు కిందికుంటే వెలిగినట్టు, పైకుంటే ఆరినట్టు అనే లెక్క పోయింది. నాన్న రెండు రోజులు గమనించి, "ఏరా, ఇది ఒకసారి పైకుంటే వెలుగుతోంది, ఒకసారి కిందికుంటే వెలుగుతోంది?" అన్నారు. "మెట్ల దగ్గర టూవే ఉంటుంది కదా నాన్నా, అలాగే" అన్నాను. "ఓహో" అని పేపర్ తీసుకున్నారు. నాలుగేళ్లలో నేను చెప్పిన టెక్నాలజీ ముక్క ఆయనకి మొదటిసారి అర్థమైంది. ఎందుకంటే అందులో కొత్తేమీ లేదు.

రంగు మార్చుకునే బల్బులు రెండు గదుల్లో ఉంచాను. అక్కడ రిలేని డీకపుల్డ్ మోడ్‌లో పెట్టాను, అంటే స్విచ్చు నొక్కితే కరెంటు తెగదు, కబురు మాత్రమే వెళ్తుంది. కంప్యూటర్ ఆగిపోతే ఆ కబురు ఏమవుతుందని మీరు అడగొచ్చు. జిగ్‌బీలో బైండింగ్ అని ఒక సదుపాయం ఉంది. స్విచ్చునీ బల్బునీ ఒకసారి ముడి వేస్తే మధ్యవర్తి లేకుండా అవి రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి. జిగ్‌బీలో నాకు నచ్చిన గుణం ఇదొక్కటే అన్నా తప్పులేదు. విచిత్రమేమిటంటే అంగట్లో దీని గురించి చెప్పేవాళ్లే లేరు.

రంగుల దగ్గర ఇంకో పాఠం. హాల్లో నాగరికంగా ఉంటుందని 2,700 కెల్విన్ పసుపు వెలుగు పెట్టాను. నాన్న గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏంట్రా, లో వోల్టేజా?" అన్నారు. సాయంత్రం పొలాల్లో మోటార్లు వేయగానే బల్బులో తీగ మాత్రమే ఎర్రగా కనిపించే ఊళ్లో బతికిన మనిషి. ఆయనకి పసుపు వెలుగంటే దారిద్ర్యం, 6,500 కెల్విన్ తెల్ల వెలుగంటే అభివృద్ధి. ఎవరి కళ్లు వాళ్లవి, హాలు మళ్లీ తెల్లబడింది. వైఫై బల్బుల్ని పీకకముందు, పడగ్గదిలో రెండు కంపెనీల బల్బుల్ని కలపబోతే ఇంకో చిక్కు. జిగ్‌బీ వెలుగు రంగుని మైరెడ్లలో లెక్కపెడుతుంది, పది లక్షలని కెల్విన్‌తో భాగించి: 2,700కి 370, 6,500కి 154. వైఫై బల్బు యాప్‌లోనేమో సున్నా నుంచి వంద. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కలు ఇట్టే కుదిర్చింది. అయినా రెండిటికీ 2,700 అని చెప్పి పక్కపక్కన వెలిగిస్తే ఒకటి కాస్త గులాబీ, ఒకటి కాస్త ఆకుపచ్చ. సిస్టమ్‌లకి మాట కలుస్తుంది గానీ వెలుగు కలవదు. ఒక గదిలో కంటికి కనిపించే బల్బులన్నీ ఒకే కంపెనీవి ఉండాలి. ఏ యాప్ దీనికి మందు కాదు.

"మ్యాటర్ వచ్చేసింది కదా, ఇంకా ఈ గోలంతా ఎందుకు?" అంటారు మా ఆఫీసు కుర్రాళ్లు. అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ కలిసి 2019 డిసెంబరులో తలపెట్టిన ప్రమాణం అది, మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. మంచి పనే. ఒకే బల్బు ఒకేసారి రెండు మూడు సిస్టమ్‌ల మాట వినగలదు, అదీ క్లౌడ్ ఎక్కకుండా. కొత్తగా కొనేవాళ్లు మ్యాటర్ గుర్తు చూసే కొనండి. అయితే మా అమ్మ బాత్రూమ్ స్విచ్చు ఆపేస్తే మ్యాటర్ బల్బుకి మాత్రం కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? కంపెనీల మధ్య తగువు తీర్చారు, సంతోషం. బల్బుకీ గోడకీ మధ్య తగువు అలాగే ఉంది.

కరెంటు ఆదా అన్న మాట కూడా నమ్మకండి. ఆరిపోయి ఉన్న స్మార్ట్ బల్బు కూడా కబురు కోసం చెవి రిక్కించుకుని అర వాటు దాకా తాగుతుంది. ఇరవై బల్బులంటే 10 వాట్లు, రోజంతా కలిపితే నెలకి 7 యూనిట్లు పైచిలుకు. 9 వాట్ల మామూలు బల్బుని రోజూ నాలుగు గంటలు వెలిగిస్తే నెలకి ఒక్క యూనిట్. 2015లో ఉజాలా పథకం వచ్చి ఇంటింటికీ ఎల్‌ఈడీలు చేరినప్పుడే మనకి రావాల్సిన ఆదా వచ్చేసింది.

మరి ఇదంతా దేనికి అంటే, నాకు తేలిన ఉపయోగాలు మూడే. రాత్రి నాన్న లేచినప్పుడు నడవాలో పది శాతం వెలుగు దానంతటదే రావడం. తాళం వేసి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క నొక్కుతో ఇల్లంతా ఆరిపోవడం. పొద్దు గుంకేసరికి వరండా లైటు వెలగడం. హైదరాబాద్‌లో నవంబరు చివర 5:40కే చీకటి పడుతుంది, జులై మొదట్లో 6:55 దాకా వెలుగుంటుంది. రోజుకో లెక్క కట్టి ఆ వేళకి వెలిగించడం కంప్యూటర్‌కి తగిన పని. పార్టీ మోడ్, సినిమా మోడ్ అని పెట్టినవన్నీ తలా రెండుసార్లు వాడాం.

ఆ సాయంత్రం లైట్లలో మొదట హాలు కూడా ఉండేది. అమ్మ ఒప్పుకోలేదు. సంధ్యవేళ హాల్లో లైటు వేసి, దానివైపు తిరిగి ఓ దణ్ణం పెట్టుకోవడం అమ్మకి పెళ్లి కాకముందు నుంచీ ఉన్న అలవాటు. "నేను వేయకుండానే అది వెలిగిపోతే ఇంక నేనేం వెలిగించినట్టురా?" అంది. హాలుని తీసేశాను. వరండా ఒక్కటే మిగిలింది.

పోయిన నెల మేం ముగ్గురం అరకు వెళ్లాం. అమ్మా నాన్నా ఇంట్లోనే ఉన్నారు. నాలుగో రోజు రాత్రి హోటల్‌లో ఊరికే యాప్ తెరిస్తే ఏమీ రావట్లేదు. రాస్ప్‌బెర్రీ పై చచ్చిపోయినట్టుంది. మెమరీ కార్డు పోయి ఉంటుంది, దానికది అలవాటే. చివరి కబురు ఎప్పుడు వచ్చిందా అని చూస్తే మేం బయల్దేరిన రోజు సాయంత్రం. నాలుగు రోజులుగా ఇంట్లో ఆటోమేషన్ అన్నదే లేదు. నాకు చెమటలు పట్టాయి. వెంటనే నాన్నకి ఫోన్ చేసి లైట్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"లైట్లా? వెలుగుతున్నాయే, ఏం?" అన్నారు. అంతలో వెనక నుంచి అమ్మ ఏదో అంటే విని, "ఆఁ, వరండాది మాత్రం రావట్లేదట. మీ అమ్మే వేస్తోంది" అన్నారు.